ఆరో లెవెల్లో గోడ

ఆ ఆఫీసులో ఆవిడని అందరూ మేస్త్రి అనేవాళ్ళు. నిజానికి ఆవిడ జన్మలో ఇటుక మీద ఇటుక పెట్టి ఎరగదు. వీడియో గేముల్లో గదులు, వంతెనలు, సొరంగాలు కట్టడం ఆవిడ ఉద్యోగం. ఆడేవాడు ఎక్కడ కాలు పెట్టాలి, ఎక్కడ కాలు జారాలి, ఏ తలుపు ముందు తెరుచుకోవాలి అన్నీ ఆవిడే తేలుస్తుంది. మేస్త్రి అని పేరు పెట్టింది ఆవిడ బావ. అక్క మొగుడూ ఆయనే, ఆఫీసు యజమానీ ఆయనే కావడంతో ఆ పేరు మీద అప్పీలుకి వెళ్ళే దారి కూడా లేకపోయింది.

ఆఫీసంటే ఏదో ఊహించుకోకండి. రెండో అంతస్తులో రెండు గదులు, మొత్తం నలుగురు మనుషులు. వాళ్ళలో బొమ్మలాయన ఒకడు. ఆటలో కనపడే కొండలు, మబ్బులు, మనుషులు అన్నీ ఆయన వేసినవే. కిటికీలోంచి కాస్త వెలుతురు పడినా తెర మీద రంగులు తప్పుగా కనిపిస్తాయని ఆయన బాధ. అందుకని చేరిన మొదటి వారమే కిటికీలన్నిటికీ నల్లకాగితం అంటించేశాడు. అప్పట్నుంచీ బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో తెలియాలంటే మెట్లు దిగి చూసి రావాల్సిందే. మొదట్లో అందరూ సణిగారు. తర్వాత అలవాటైపోయింది. ఆ చీకట్లోనే కట్టారు, ఆ చీకట్లోనే ఆడి చూసుకున్నారు, ఆ చీకట్లోనే భుజాలు తట్టుకున్నారు.

వాళ్ళ మొదటి ఆట పేరు 'కొండవతల'. చేత్తో పట్టుకుని ఆడే చిన్న యంత్రంలో దూర్చే క్యాసెట్టు అది. ఉత్తరాలు పంచే ఒక మనిషి, ఒకే ఒక్క ఉత్తరం పట్టుకుని, ఎప్పుడో మూతపడ్డ గనిలోంచి నడిచి కొండ అవతల ఉన్న సముద్రపు ఊరికి చేరాలి. మొత్తం తొమ్మిది లెవెళ్ళు. చివరి మూడూ ఆ ఊళ్ళోనే. ఆ ఊరి కోసం మేస్త్రి పద్నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకుంది. నువ్వు కట్టినవాటిలో ఏది బాగుందని ఎవరైనా అడిగితే తడుముకోకుండా ఆ ఊరే అని చెప్పేది. పాపం, ఎవరూ అడగలేదు.

పత్రికలవాళ్ళు మెచ్చుకున్నారు. రెండు నెలలు ఆట వేడివేడిగా అమ్ముడుపోయింది. మూడో నెల నుంచి కొత్త కాపీ కొనే నాథుడు లేడు. అలాగని ఆడేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. ఒకళ్ళు ఆడి అమ్మేసినది ఇంకొకళ్ళు కొనుక్కుంటున్నారు, వాళ్ళు అమ్మేసినది మరొకళ్ళు. ఆట చేతులు మారుతోంది, కబురు మాత్రం ఆఫీసు దాకా రావడంలేదు. పైసా సంగతి సరేసరి.

ఆటని ఊరూరా కొట్లకి పంపే పంపిణీ కంపెనీవాళ్ళకి ఒళ్ళు మండింది. ఒక షరతు పెట్టారు. ఇకమీదట అచ్చువేసే ప్రతి కొత్త పెట్టెలో ఒక అంకెల చీటీ ఉండాలి. ఆ అంకెలు కొడితేనే చివరి మూడు లెవెళ్ళూ తెరుచుకోవాలి. ఒక చీటీ ఒక్కసారికే, ఒక్క యంత్రంలోనే పనిచెయ్యాలి. వాడిన క్యాసెట్టు కొన్నవాడు ఆ మూడూ చూడాలంటే మళ్ళీ డబ్బు కట్టాలి. ఈ తాళానికి ఒప్పుకుంటేనే రెండో ఆటకి పెట్టుబడి. శుక్రవారం ఆ కంపెనీ తరఫున ఒకావిడ వచ్చి సంతకాలు తీసుకుంటుంది.

ఈ రెండో ఆట మేస్త్రిది. అచ్చంగా ఆవిడదే. మూడేళ్ళుగా నోట్‌బుక్కులో గీసుకుంటున్న ఆట అది. ఈసారి మొత్తం నీ ఇష్టమే, తెర మీద మొదటి పేరు నీదే అని బావ అక్క ముందు మాటిచ్చాడు. అక్క ముందు ఇచ్చిన మాట ఆయన తప్పడు, తప్పే ధైర్యం ఆయనకి లేదు. కాబట్టి మేస్త్రికి తాళం మీద ప్రేమా లేదు, పగా లేదు. ఆవిడకి కావలసింది రెండో ఆట. దానికి ఆ తాళమే దారి అయితే, వేసేద్దాం, పీడా పోతుంది అనుకుంది.

సోమవారం పొద్దున బావ ఆవిడ కుర్చీ పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"మరదలా, ఒక పనుంది. బస్టాండు వెనకాల వాడిన గేములు అమ్మే కొట్టు ఉంది చూడు. అక్కడికెళ్ళి మన ఆట కాపీలు ఎన్ని పడున్నాయో చూసి రా. శుక్రవారం ఆవిడకి చెప్పడానికి ఉంటుంది."

"నువ్వెళ్ళొచ్చుగా బావా?"

"నాకు బీపీ ఉంది. ఆ వరస చూస్తే అక్కడే పడిపోతాను. నీది గట్టి గుండె."

"గుండె గట్టిదని కాదు, జీతం తక్కువని పంపుతున్నావు" అంటూనే లేచింది. ఏ ఇంటికి వెళ్ళినా కాఫీ కంటే ముందు ఆ తలుపు వెనకాల ఏముందని అడిగే రకం ఆవిడ. దొంగల గుహ ఒకటుందంటే చూడకుండా ఉండగలదా?

తీరా చూస్తే దొంగల గుహ రెండు చెప్పుల షాపుల మధ్య ఇరుక్కుని ఉంది. గల్లా దగ్గర కూర్చున్నాయన అరవై దాటిన మనిషి. ఒకప్పుడు గడియారాలు బాగుచేసేవాడట, ఆ భూతద్దం ఇంకా నుదుటి మీదే ఉంది. ఒక క్యాసెట్టు అడుగుభాగాన్ని దూదిపుల్లతో తుడుస్తున్నాడు. పసిపిల్లల చెవి తుడిచినంత జాగ్రత్తగా తుడుస్తున్నాడు.

"రా అమ్మా. అమ్మడానికా, కొనడానికా?"

"చూడ్డానికండీ."

"చూడు. చూస్తే అరిగిపోదు."

'కొండవతల' వెతుక్కోనక్కర్లేదు. ఒక అర మొత్తం అదే. పంతొమ్మిది కాపీలు. ఇష్టపడి కుట్టించుకున్న చొక్కా పాతబట్టల మూటలో కనపడ్డట్టయింది మేస్త్రికి. కడుపు మండిపోయింది.

"మీరిది ఒకటి అమ్మితే చేసినవాళ్ళకి ఎంత ముడుతుందో తెలుసా అండీ?"

"సున్నా" అన్నాడాయన తల ఎత్తకుండానే. "కుర్చీ చేసిన వడ్రంగికీ అంతేగా తల్లీ. ఆ కుర్చీ ఎవరైనా అమ్ముకుంటే ఆయనకేం వెళ్తుంది?"

"కుర్చీ కూర్చుంటే అరుగుతుంది. ఆట అరగదు. పదోవాడికి కూడా కొత్తదానిలాగే ఉంటుంది. ఇంక కొత్తది ఎవరు కొంటారు?"

ఆయన దూదిపుల్ల ఆపి ఆలోచించాడు. "అదీ నిజమే" అన్నాడు.

దెబ్బలాటకి సిద్ధమై వచ్చినప్పుడు ఎదుటివాడు ఇంత తేలిగ్గా ఒప్పేసుకుంటే ఏం చెయ్యాలో తోచదు. మేస్త్రి కాసేపు అటూ ఇటూ చూసింది. చివరికి, ఇది ఒకసారి పెట్టి చూడొచ్చా అని ఒక క్యాసెట్టు తీసింది. ఆయన గల్లా పక్కనున్న యంత్రం చేతికిచ్చాడు.

"పేర్లుంటాయి, కంగారు పడకు" అన్నాడు. "పక్క కొట్లవాళ్ళు ముందువాళ్ళు ఆడిన ఆట చెరిపేసి అమ్ముతారు. నేను చెరపను. ఒకడు ఎంతో కొంత దూరం నడిచాడు కదా, అది చెరపడానికి నేనెవర్ని? కొన్నవాడు కావాలంటే వాడే చెరుపుకుంటాడు. చాలామంది చెరుపుకోరు తెలుసా? ఇంతకుముందు ఇక్కడ ఎవరుండేవారా అని అద్దెకొచ్చినవాళ్ళు అడుగుతారే, అలాగే చూస్తారు."

ఒక్కో క్యాసెట్టులో ముగ్గురి ఆట దాచుకునే చోటుంది. పేరు, ఎన్ని గంటలు ఆడారు, ఏ లెవెల్లో ఉన్నారు. మొదటిదాంట్లో బుజ్జిగాడు, ఆరో లెవెల్, పదకొండు గంటలు. దాని కింద రాణిగారు, ఆరో లెవెల్, తొమ్మిది గంటలు. మూడోది ఖాళీ. మేస్త్రి నవ్వుకుంది. ఎవరీ రాణిగారు? బుజ్జిగాడు అమ్మేస్తే ఈవిడ కొనుక్కుందన్నమాట. రెండోది పెట్టింది. నాన్న, ఆరో లెవెల్, పదహారు గంటలు. నాన్న2, ఆరో లెవెల్, ఏడు గంటలు. మొదట్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు కాబోలు, ఆ నాన్నెవరో. మూడోది పెట్టింది. నాలుగోది పెట్టింది.

అయిదోది పెట్టేసరికి మొహంలో నవ్వు పోయింది. ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. కొట్టాయన దగ్గర ఒక కాగితం అడిగి తీసుకుని రాయడం మొదలుపెట్టింది. పంతొమ్మిది క్యాసెట్లు, ఆ నాన్నని ఒక్కడిగా లెక్కేస్తే నలభై ఒక్క మంది. మొదటి రెండు లెవెళ్ళలో విసుగెత్తి మానేసినవాళ్ళు నలుగురు. కొండ దాటి సముద్రపు ఊరు చేరినవాళ్ళు ఇద్దరు. మిగతా ముప్ఫై అయిదు మందీ ఆరో లెవెల్లోనే ఆగిపోయారు. తెరిచి చూస్తే అదీ ఒకేచోట, గుహ మొదట్లో. ఎంత నింపాదిగా ఆడినా నాలుగు గంటల్లో దాటాల్సిన చోటది. తొమ్మిది గంటలు, పన్నెండు గంటలు, ఒకాయనైతే ఇరవై రెండు.

ఏముంది అక్కడ? మేస్త్రికి తెలిసి అక్కడ ఏమీ లేదు. గుహలోకి వెళ్ళగానే ఎడమవైపు మూడో బండ దాటాక గోడలో ఒక పగులు ఉంటుంది. అందులోంచి పక్కకి తిరిగి దూరితే అవతల సొరంగం. తను వెయ్యిసార్లు దూరింది. బావ దూరాడు, బొమ్మలాయన దూరాడు, ఆఫీసుకి వచ్చినప్పుడు అక్క కూడా దూరింది. పత్రికలవాళ్ళకైతే తొందరలో ఉంటారని దారంతా రాసిన కాగితం ఆటతో పాటే పంపారు. ఎవరూ కిక్కురుమనలేదు.

ఆలోచనలో ఉండగానే ఒకావిడ లోపలికొచ్చింది. మెడలో పళ్ళడాక్టరు ఆస్పత్రి కార్డు వేలాడుతోంది. అక్కడ రిసెప్షన్లో కూర్చుంటుందట, భోజనాల వేళని పరుగెత్తుకొచ్చింది. సంచీలోంచి తీసింది 'కొండవతల'.

"ఇది తీసేసుకోండి బాబాయిగారూ. దీన్ని చూస్తేనే చిరాకొస్తోంది" అంది.

మేస్త్రి స్టూలు మీంచి లేచిపోయింది. "ఆరో లెవెలా అండీ?"

ఆవిడ తెల్లబోయింది. "మీకెలా తెలుసు?"

"గుహ. అవునా?"

"పదకొండు రోజులండీ! ఆ గుహలో తిరిగి తిరిగి నా కాళ్ళే నొప్పులు పుట్టాయి. బస్సులో వస్తూ పోతూ అదే పని. అంతకుముందు భలే ఉండేది. ఆ ఉత్తరంలో ఏముందా అని ఎంత ఆశగా ఉండేదో. కానీ నా బుర్రకి ఎక్కే ఆట కాదిది. మా ఆయన కూడా అదే అన్నాడు, నీకెందుకొచ్చిన గొడవ, పెద్ద తెలివైనవాళ్ళ ఆటలివి అని."

"ఒక్కసారి ఆడి చూపిస్తారా? ఇక్కడే, లోపల ఇద్దరం పట్టం, ఈ గుమ్మం దగ్గర. నేను దారి చెప్తాను."

కొట్టాయన యంత్రం ఇచ్చాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆడడం మొదలుపెట్టింది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. తెర మీద ఉత్తరాల మనిషి గుహలోకి నడిచాడు.

"ఎడమకి వెళ్ళండి. గోడకి ఆనుకుని. ఒక బండ, రెండో బండ, మూడోది. ఆగండి. అదిగో, పగులు."

"ఏదండీ?"

"ఎదురుగానే ఉంది కదా!"

"గోడుంది."

"ఇలా ఇవ్వండి" అని మేస్త్రి యంత్రం లాక్కున్నంత పని చేసింది. తెరని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టి చూసింది. అటు వంచింది, ఇటు వంచింది. గోడే ఉంది. ఎడమ నుంచి కుడి దాకా చదునుగా, నల్లగా, ఒక్క గీత కూడా లేని గోడ. తన చేత్తో తను కట్టిన గోడలో తను పెట్టిన దారి తనకే కనపడలేదు.

ఏదో అనుమానం వచ్చి చున్నీ తీసి తల మీదుగా కప్పుకుంది. యంత్రాన్ని అందులోకి లాక్కుంది. లోపల చీకటయ్యింది. పగులు మెల్లిగా తేలింది, నలుపులో ఇంకాస్త ఎక్కువ నలుపు. బొమ్మలాయన కిటికీలు మూసిన గదిలో ఎంతో మురిసిపోయి వేసిన నలుపు అది, ఏ కాస్త వెలుతురున్నా కనపడదు.

"రండి, రండి మీరు కూడా!" అని ఆ రిసెప్షన్ ఆవిడని కూడా చున్నీలోకి లాగింది. నడివీధి పక్కన, పట్టపగలు, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే చున్నీలో తలలు దూర్చి నిలబడితే చెప్పుల షాపులవాళ్ళు బేరాలు మానేసి చూశారు. కొట్టాయన ముక్కున వేలేసుకున్నాడు.

"అయ్యో! ఉందండోయ్!" అని చున్నీలోంచి కేక వినపడింది.

బయటికొచ్చాక ఆవిడ మేస్త్రి వంక అనుమానంగా చూసింది. "ఇంతకీ మీరెవరండీ?"

మేస్త్రి చున్నీ సర్దుకుంది. "ఆ గోడ నేనే కట్టానండీ."

తిడుతుందనుకుంది. ఆవిడ తిట్టలేదు. యంత్రంలోంచి తన క్యాసెట్టు తీసుకుంది. తర్వాత నెమ్మదిగా, "నాకు చేతకాక కాదన్నమాట" అంది. క్యాసెట్టు మళ్ళీ సంచీలో వేసుకుని, ఆస్పత్రికి టైమైందని వెళ్ళిపోయింది.

ఆ ఒక్క మాట మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది. ముప్ఫై అయిదు మంది. బుజ్జిగాడు, రాణిగారు, రెండుసార్లు మొదలుపెట్టిన ఆ నాన్న. ఒక్కరూ ఆట బాగాలేదని ఉత్తరం రాయలేదు. తమ బుర్ర బాగాలేదనుకుని, మెదలకుండా తెచ్చి అమ్మేశారు.

ఆఫీసుకి వచ్చి బావకి చెబితే నమ్మలేదు. "చాల్లే, వేళాకోళాలా?" అన్నాడు. యంత్రం పట్టుకుని రెండంతస్తులూ దిగి వీధిలోకి వెళ్ళాడు. అయిదు నిమిషాల తర్వాత మెట్లెక్కి వచ్చినప్పుడు ఆయన మొహం చూసి నిజంగానే బీపీ పెరిగిందేమోనని మేస్త్రి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

"ఇంతమందిమి ఉండి పప్పులో కాలేశామేంటే?"

"చివరి మూడు లెవెళ్ళకి తాళం వెయ్యమంటున్నారు కదా బావా. ఆ తాళం మనం ఎప్పుడో వేసేశాం. డబ్బిచ్చి కొత్తది కొన్నవాడికి కూడా వేసేశాం."

బావ మంచినీళ్ళు మొత్తం తాగేశాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు. "విను. ఇక ముందు అచ్చువేసేవాటిలో గోడ సరిచేసేద్దాం. పాత క్యాసెట్లని ఎలాగూ ఏమీ చెయ్యలేం. శుక్రవారం ఈ సంగతి ఎత్తకపోతే తాళం పడుతుంది, నీ ఆట మొదలవుతుంది. ఎత్తామనుకో, ఈ గోడ కట్టినావిడకా ఇంకో ఆట ఇచ్చేది అంటారు. అనకపోతే వాళ్ళు మనుషులే కాదు."

"నువ్వేమంటావు?"

"నేనేమీ అనను. గోడ నీది, ఆట నీది. నువ్వు నోరు మూసుకున్నా నేనేమీ అనుకోను. అది మాత్రం నిజం."

ఆ నాలుగు రోజులూ మేస్త్రి నోరు మూసుకుందామనే అనుకుంది. అబద్ధమెందుకు? గురువారం సాయంత్రం దాకా అదే నిర్ణయం. వాడినవాటి వల్ల నష్టం అబద్ధమా? కాదు. తాళం వేస్తే నలుగురి ఉద్యోగాలు నిలబడతాయా? నిలబడతాయి. అన్నీ సరిగానే ఉన్నాయి. కానీ తాళం ఎక్కడ వెయ్యాలో చూడ్డానికి ఏడో లెవెల్ తెరిచినప్పుడల్లా సముద్రపు ఊరు ఖాళీగా కనపడేది. పద్నాలుగు నెలలు కష్టపడి కట్టిన ఊరు. అక్కడికి చేరినవాళ్ళు నలభై ఒక్క మందిలో ఇద్దరు.

శుక్రవారం పదకొండింటికి పంపిణీ కంపెనీ ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, ఒక్క మాట కూడా వృథా చెయ్యదు. కాగితాలు బల్ల మీద పరిచింది. బావ కలం మూత తీశాడు. మేస్త్రి లేచింది.

"ఒక్క నిమిషం మేడమ్. సంతకాలకి ముందు మీరొకసారి ఆరో లెవెల్ ఆడాలి."

ఆవిడకి యంత్రం ఇచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నల్లకాగితం ఒక మూల పట్టుకుని బర్రుమని చింపేసింది. మూడేళ్ళ తర్వాత ఆ గదిలో ఎండ పడింది. బొమ్మలాయన గావుకేక పెట్టాడు. బల్ల మీద ఎంత దుమ్ముందో అందరికీ ఒక్కసారిగా తెలిసింది.

పంపిణీ ఆవిడ పది నిమిషాలు ఆడింది. గుహంతా తిరిగింది, మళ్ళీ తిరిగింది. మేస్త్రి నోరు విప్పలేదు. చివరికి ఆవిడ తల ఎత్తి, "దారేది?" అంది. అప్పుడు మేస్త్రి అంతా చెప్పింది. నలభై ఒక్క మంది పేర్లున్న కాగితం ముందు పెట్టింది.

ఆవిడ కాగితం పూర్తిగా చదివింది. "ఇది ఎవరు కట్టారు?"

"నేనే."

"వాడినవాటి వల్ల నష్టం నిజం. మీ గోడ సరిచేసినంత మాత్రాన అది పోదు" అంది ఆవిడ. "కానీ కొన్నవాళ్ళే సగంలో చిక్కుకుపోయిన ఆటకి పైనుంచి తాళం వేస్తే మా మొహాన ఉమ్మేస్తారు. తాళం వద్దు. సరిచేసి కొన్ని కాపీలు అచ్చువేద్దాం." కాగితాలు సర్దుకుంటూ బావ వైపు తిరిగింది. "రెండో ఆట మాత్రం ఈ ఏడాదికి మర్చిపోండి. వచ్చే ఏడాది అడిగినా, కట్టేది ఈవిడే అంటే మా వాళ్ళని ఒప్పించడం కష్టం. చెప్పినందుకు నాకు ఈవిడ మీద గౌరవమే. కానీ గౌరవం చూపించి డబ్బు తేలేను."

ఆవిడ వెళ్ళాక మేస్త్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. బావ పక్కన కూర్చున్నాడు గానీ ఓదార్చడం రాక, మెట్టు మీద పెచ్చులూడిన సిమెంటు గోటితో గీకుతూ ఉండిపోయాడు.

సోమవారం ఆవిడ ఒక చిన్న చీటీ రాసుకుని వచ్చింది. "ఆరో లెవెల్ గుహలో ఎడమ గోడకి ఆనుకుని నడవండి. మూడో బండ దాటాక గోడలో పగులుంది, పక్కకి తిరిగి దూరండి. కనపడకపోతే తప్పు మీది కాదు, మాది." ఇది అచ్చువేయించి, వాడిన గేముల కొట్లలో ఉన్న పెట్టెలన్నిటిలో వేసి వస్తానంది.

"మనకి పైసా రాని పెట్టెల్లోనా?" అని బావ నోరు వెళ్ళబెట్టాడు.

"వాటిల్లోనే. వాళ్ళే కదా లోపల ఇరుక్కుపోయింది."

బావ గొణిగాడు, విసుక్కున్నాడు, అక్కకి ఫోన్ చేసి మీ చెల్లెలికి మతిపోయిందన్నాడు. తర్వాత కత్తెర తెచ్చుకుని చీటీలు కత్తిరిస్తూ కూర్చున్నాడు. ఊళ్ళో ఉన్న ఏడు కొట్లకీ ఆవిడే వెళ్ళింది.

మూడు నెలలు గడిచాయి. ఆఫీసు ఇప్పుడు ఒక బిస్కెట్ల కంపెనీ ప్రకటన కోసం బిస్కెట్లు గెంతే ఆట చేస్తోంది. అందులో మేస్త్రి పని బిస్కెట్టు గెంతడానికి మెట్లు కట్టడం. ఒక మధ్యాహ్నం బస్టాండు వెనక కొట్టాయన ఫోన్ చేశాడు.

"తల్లీ, ఇక్కడొక పెద్దాయన ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసి రిటైరయ్యాడట. మీ ఆట నా దగ్గరే వాడినది కొన్నాడు, పూర్తి చేశాడు. వీళ్ళదే ఇంకోటి ఇమ్మంటున్నాడు. వాడినవి ఏమీ రాలేదయ్యా అంటే, రాకపోతే కొత్తదే కొంటాను, ఎక్కడ దొరుకుతుందో చెప్పు అని ప్రాణం తీస్తున్నాడు. ఏం చెప్పమంటావు?"

"లేదని చెప్పండి" అంది మేస్త్రి.

అవతల ఏదో గుసగుస. ఫోన్ చేతులు మారింది. బొంగురు గొంతు ఒకటి వినపడింది.

"నమస్కారమమ్మా. ఆ సముద్రపు ఊళ్ళో మెట్లన్నీ ఎక్కానండీ. దీపస్తంభం వెనకాల చిన్న గది ఒకటుంది కదా, అది కూడా చూశాను."

ఆ గది సంగతి బావకి కూడా తెలియదు.

"ఇంకో ఆట ఎందుకు లేదమ్మా?" అడిగాడాయన. మందలింపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఏదో ఒకటి చెప్పి పెట్టేయొచ్చు. ఆవిడకి మనసు రాలేదు. "ఆ గుహలో గోడ కట్టింది నేనేనండీ. అందుకని నాకు ఇంకోటి ఇవ్వలేదు."

వెనకాల బస్సు హారన్ వినిపించింది.

"ఆ చీటీ రాసింది?"

"అదీ నేనే."

"అయితే మీరే చెయ్యాలి ఇంకోటి కూడా" అన్నాడాయన. "కాస్త తొందరగా కానివ్వండమ్మా. నాకు డెబ్బై రెండేళ్ళు."